నిత్య ఆషాఢం

ఆ శుభవార్త వచ్చేసరికి నేను పోపుల డబ్బాలో ఆవాలకూ జీలకర్రకూ గిన్నెలు కేటాయిస్తున్నాను. కొత్త కాపురంలో ఇది చిన్న పని కాదు. ఏ గిన్నెలో ఏది ఉండాలో నిర్ణయించే అధికారం జీవితంలో మొదటిసారి నా చేతికి వచ్చింది. మెంతులను మధ్య గిన్నెలో పోసి, మళ్లీ తీసి, ఎండుమిరపకాయల తుంపులు వేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోతుండగా మా ఆయన గౌరీశంకర్ గబగబా మెట్లెక్కి వచ్చారు. చేతిలో పూతరేకుల పెట్టె ఉంది.

"వేణీ, నా గ్రాఫుకి రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చింది" అన్నారు.

ముందు పూతరేకు తిన్నాను. తర్వాత సంతోషించాను. నిజం చెప్పాలంటే రెండూ ఒకేసారి చేశాను.

మా ఆయన కలువమెట్ట మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరు. కలువమెట్ట, పాతరేవు, సంతగూడెం అని మూడు ఊళ్లు కాలవ వెంట పక్కపక్కనే ఉన్నాయి. ఒక ఊరి చెత్తను చీకటిమాటున పక్క ఊరి పొలిమేరలో పోసి రావడం తప్ప వాటి మధ్య ఎన్నడూ పరస్పర సహకారం లేదు. అలాంటిది, భూమి వేడెక్కిపోతున్నదనీ, స్థానిక సంస్థలే చేతులు కలిపి దాన్ని చల్లార్చాలనీ ఈ వేసవిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మూడు ఊళ్ల చైర్మన్లూ ఒకే దండలో మెడలు దూర్చి ఫొటో దిగారు. ఆ విధంగా 'త్రిపుర ఉమ్మడి శీతలీకరణ సమాఖ్య' పుట్టింది.

సమాఖ్య మొదటి సమావేశానికి మూడు నెలల ఎండ వివరాలు గ్రాఫు గీసి తెమ్మని కమిషనర్ పరమహంస గారు మా ఆయనకు పురమాయించారు. అప్పుడు ఆషాఢ మాసం. మా పెళ్లి వైశాఖంలో జరిగింది. ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడదని మా అమ్మ నన్ను పాతరేవు తీసుకుపోయింది. మా అత్తగారు ఉండేది శ్రీకాకుళంలో, కలువమెట్ట అద్దె ఇంటి గడప దాటేది మేమిద్దరమేనని ఎంత చెప్పినా వినలేదు. గడప గడపేనంది.

నేనటు వెళ్లగా ఈయన మెస్సులో భోంచేసి వచ్చి, ఒక్కరే కూర్చుని గ్రాఫు గీశారు. గీత వైశాఖ జ్యేష్ఠాల్లో పైపైకి పాకి, ఒకచోట దబ్బున కిందికి దిగింది. దిగినచోట పెన్సిలుతో చిన్న బాణం గుర్తు వేసి, 'ఆషాఢం. వేణి పుట్టింటికి వెళ్లింది' అని రాసుకున్నారు. తన కోసమే రాసుకున్నారు. చెరపడం మరిచిపోయారు. మర్నాడు సమావేశంలో అది తెర మీద గోడంత పడింది.

ఎవరైనా నవ్వుతారేమోనని ఈయన బిక్కచచ్చిపోయి నిలబడ్డారట. ఎవరూ నవ్వలేదు. రాజధాని నుంచి వచ్చిన వాతావరణ సలహాదారు విక్రాంత్ గారు కుర్చీలోంచి లేచి, తెర దగ్గరకు నడిచి, నా పేరు మీద వేలు పెట్టారట. తర్వాత, తాను పదిహేను దేశాల నివేదికలు చదివాననీ, వేడి తగ్గడానికి ఇంత స్పష్టమైన కారణం ఏ దేశమూ ఇంతవరకు చూపలేదనీ చెప్పారు. దానికి ఆయన అక్కడికక్కడే పేరు పెట్టారు. 'వేణి ప్రభావం.'

మా ఆయన లేచి, సరిగ్గా ఆ వారమే వానలు మొదలయ్యాయని మనవి చేసుకున్నారు. కమిషనర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "వర్షములు నీటిపారుదల శాఖ పరిధిలోని అంశము. మనది పురపాలన. పరిధి దాటరాదు" అన్నారు. ఆ మాట సమావేశం మినిట్సులో కూడా ఎక్కింది. వాన ఎక్కలేదు.

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. రెండు గీతలు కలిసి దిగినంత మాత్రాన వాటికి చుట్టరికం కలపకూడదని మా లెక్చరర్ గొంతు పోయేలా చెప్పేవారు. కానీ సొంత పేరు మీద ఒక ప్రభావం ఉన్న అమ్మాయిలు మా బ్యాచిలో ఇంకెవరున్నారు? ఫోనులో స్నేహితురాళ్లందరికీ చెప్పుకున్నాను. మా అమ్మకూ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నే చెప్పలేదూ" అంది.

సన్మాన సభకు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పురపాలక సమావేశ మందిరం చల్లగా ఉంది. ఏసీలు అన్నీ పనిచేస్తున్నాయి. వాటికోసం బయట పెద్ద జనరేటరు పొగ కక్కుతూ, భూతాపం గురించి లోపల ఏం మాట్లాడుతున్నారో బయటివారికి వినబడకుండా చేస్తోంది. మా ఆయనకు శాలువా కప్పి, నా ఒళ్లో ఒక మొక్క పెట్టారు. కమిషనర్ గారు మైకు సర్దుకున్నారు.

"మన పూర్వీకులు ఆషాఢమందు వధూవరులను వేరుచేయుటలో ఇమిడియున్న శీతలీకరణ రహస్యమును ఈ యువ ఇంజనీరు వెలికి తీసియున్నారు. ఒక్క నెల విరహమే ఇంత చల్లదనమును సమకూర్చగా, పన్నెండు నెలల విరహము ఎంత సమకూర్చునో సభ్యులు ఊహించుకొనవలసినదిగా కోరుచున్నాను."

సభ్యులు ఊహించుకున్నారు. చప్పట్లు కొట్టారు. మొక్క పక్కన పెట్టి నేనూ కొట్టాను. ఆ పన్నెండు నెలల్లో నేనూ ఉన్నానన్న సంగతి తలకెక్కేసరికి తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దాని పేరు నిత్య ఆషాఢ తీర్మానం.

ఆ తీర్మానం ప్రకారం మూడు ఊళ్లలోనూ ఇకమీదట శ్రావణం, భాద్రపదం వగైరాలు ఉండవు. ఆషాఢం రెండు, ఆషాఢం మూడు అని వరసగా సాగుతాయి. శాస్త్రసమ్మతి కోసం పెద్దగుడి పురోహితుడిని పిలిపించారు. ఆషాఢంలో పెళ్లిళ్లు చేయరు గదా, ఏడాదంతా ఆషాఢమైతే తాను పస్తుండాలా అని ఆయన అడిగారు. కమిషనర్ గారి ముఖం వెలిగిపోయింది. పెళ్లిళ్లే లేకపోతే కొత్త దంపతులే ఉండరనీ, దాంతో వేడి మూలంలోనే ఆగిపోతుందనీ, ఇది పథకం తాలూకు దీర్ఘకాలిక ప్రయోజనాల కింద చేర్చవలసినదనీ గుమాస్తాకు చెప్పి రాయించారు.

సరిగ్గా అప్పుడే వానలు ముఖం చాటేశాయి. శ్రావణంలో, అంటే ఆషాఢం రెండులో, ఎండ మళ్లీ మండిపోయింది. మామూలు మనుషులైతే ఇక్కడితో సిద్ధాంతం చెడిందనుకుంటారు. విక్రాంత్ గారు కొత్త గీత తెర మీద వేసి, అది పైకి లేచినచోట బాణం గుర్తు పెట్టి, మా ఆయన్ను అడిగారట, మీ ఆవిడ పుట్టింటి నుంచి ఎప్పుడు తిరిగొచ్చారని. అబద్ధం చెప్పడం రాక ఈయన ఆ వారమేనని చెప్పేశారు. ఇంకేముంది. వెళితే తగ్గింది, వస్తే పెరిగింది. అనుమానానికి తావే లేదు.

మరునాడు వార్డు కార్యదర్శి మా ఇంటికి తనిఖీకి వచ్చాడు. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టి చూసేవారే, ఆ తుపాకీ థర్మామీటరు అతని చేతిలో ఉంది. ముందు గదిలో గాలి చూశాడు. తర్వాత మమ్మల్ని పక్కపక్కన నిలబడమన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. కార్యదర్శి తుపాకీ వైపు చూసుకుని తల పంకించాడు. గూట్లో ఒకే పళ్లెం, అందులో రెండు చెంచాలు ఉన్నాయి. అది కూడా రాసుకున్నాడు.

"ఏమనుకోకండి మేడం, ఆర్డరు" అంటూ తలుపు మీద ఎర్ర స్టిక్కరు అతికించి పోయాడు. దాని మీద 'అధిక ఉష్ణ కేంద్రం' అని ఉంది. స్టిక్కరు రంగు మా గుమ్మం కర్టెనుకు భలేగా నప్పింది. అది చూసి కాసేపు సంతోషించాను. దాని కింద సన్నటి అక్షరాల్లో, వధువును వారం లోపల పుట్టింటికి తరలించవలెను అని ఉంది. అది చదివాక సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆషాఢమంతా పుట్టింట్లో ఎలా గడిపానో నాకు తెలుసు. అమ్మ ప్రేమగా చేసిపెట్టింది, తిన్నాను. గోరింటాకు పెట్టుకున్నాను. పండిన చేతులు చూపించడానికి మనిషి లేడు. ఈసారి వెళితే తిరిగొచ్చే నెల పంచాంగంలోనే లేదు.

అదృష్టవశాత్తూ మా పుట్టింటి ఊరు నన్ను రానివ్వనంది. పాతరేవు కూడా సమాఖ్యలో భాగమే గదా. కలువమెట్ట తన వేడిని తెచ్చి మా నెత్తిన పోస్తుందా అని పాతరేవు చైర్మన్ బుల్లెబ్బాయి గారు బల్ల గుద్దారు. నేను పుట్టింది ఆ ఊళ్లోనే. మా నాన్న వోటు కూడా ఆయనకే పడింది. అయినా సమావేశంలో నన్ను 'దిగుమతి' అన్నారు.

దీనికీ పరిష్కారం దొరికింది. సహకారమంటే అదే. పాతరేవు నన్ను తీసుకుంటుంది, బదులుగా తన కొత్త కోడలొకరిని సంతగూడేనికి పంపుతుంది. సంతగూడెం తన కోడలిని కలువమెట్టకు పంపుతుంది. అప్పుడు మూడు ఊళ్లకూ లెక్క సరిపోతుంది. మొత్తం మీద వేడి ఎంత తగ్గుతుందని మా ఆయన అడిగారు. తగ్గడం తదుపరి దశ అనీ, మొదటి దశలో న్యాయమైన పంపిణీయే లక్ష్యమనీ కమిషనర్ గారు సెలవిచ్చారు.

పంపిణీకి ఒక బస్సు కొన్నారు. దానికి మామిడాకుల తోరణం కట్టి 'శీతల రథం' అని పేరు పెట్టారు. ప్రారంభోత్సవం నాడు మూడు ఊళ్లూ చుట్టి వచ్చింది. రోడ్డు మీద అది వెళ్లినంత మేరా నల్లటి పొగ. ఆ రోజు బస్సులో చైర్మన్లు ముగ్గురూ, వారి గన్‌మెన్లూ, బాజాల వాళ్లూ తప్ప ఒక్క కోడలూ లేదు. ట్రయల్ విజయవంతమైందని మరునాడు పేపర్లో వేశారు.

ఇంతలో కథ కొంచెం అడ్డం తిరిగింది. సంతగూడెం చైర్మన్ గారి అబ్బాయికి కూడా ఈ మధ్యనే పెళ్లయింది. కోడలు పిల్ల బస్సెక్కనని భీష్మించింది. చైర్మన్ గారు సమాఖ్య నుంచి తప్పుకుంటానన్నారు. వెంటనే ఒక సవరణ వచ్చింది. పెళ్లయి ఏడాది కాకపోయినా 'అనురాగము చల్లారియున్నట్లు' రుజువు చేసుకున్న దంపతులకు మినహాయింపు. రుజువు ఎలాగంటే, వారు బహిరంగంగా పోట్లాడి చూపించాలి. మూడు ఊళ్ల అధికారులూ కూర్చుని చూస్తారు. మైకు ఇస్తారు. పోట్లాట స్వచ్ఛంగా ఉండాలి గనక, అది పూర్తయ్యేవరకు అధికారులు గానీ చైర్మన్లు గానీ మధ్యలో కల్పించుకోకూడదు, మైకు ఆపకూడదు, లేచి వెళ్లకూడదు. సంతగూడెం దంపతులు టీవీ రిమోటు మీద పోట్లాడి మినహాయింపు తెచ్చుకున్నారు. మేమూ దరఖాస్తు పెట్టుకున్నాం.

చిక్కల్లా మాకు పోట్లాడ్డం రాకపోవడం. మొదటి రోజు ప్రయత్నంలో, కాఫీలో పంచదార ఎక్కువైందని ఆయన అరవాలి. ఆయన తాగి, చాలా బాగుందన్నారు. రెండో రోజు నేను కప్పు విసరాలి. అది మాకు పెళ్లిలో వచ్చిన సెట్టు, పువ్వుల బొమ్మలది. మనసొప్పలేదు. స్టీలు గ్లాసు విసిరాను. ఆయన క్యాచ్ పట్టుకున్నారు. అంత చక్కగా పట్టినందుకు ఇద్దరం చాలాసేపు ఆనందించాం.

ఇల్లుగలావిడ మాణిక్యాంబ గారు కింద వాటాలో ఉంటారు. ముప్పై ఏళ్లుగా ఆవిడా వాళ్లాయన సూర్యారావు గారూ రోజూ పోట్లాడుకుంటారు. మా అవస్థ విని, చెంగు దోపుకుని శిక్షణ ఇవ్వడానికి పైకి వచ్చారు.

"అలా నవ్వితే ఎలాగమ్మాయ్. పోట్లాటంటే ముందు పాత సంగతి తియ్యాలి. మీకా, పాత సంగతులే లేవు. అదొచ్చింది చిక్కు. పోనీ, నావి ఓ రెండు వాడుకో. నా దగ్గర బోల్డున్నాయి" అన్నారు.

అలా ఆవిడ అరువిచ్చినదాంట్లో మొదటిది, కాకినాడ బస్టాండులో భార్యను సామాన్లతో వదిలేసి టీ తాగడానికి పోయిన సంగతి. నేను నడుం మీద చేయి పెట్టుకుని మా ఆయన్ను నిలదీశాను. ఆయన కంగారుపడి, ఆ ఎండలో ఎంతసేపు నిలబడ్డావు వేణీ అన్నారు. మాణిక్యాంబ గారు నుదురు కొట్టుకున్నారు. కింద నుంచి వింటున్న సూర్యారావు గారు మెట్ల మీదికొచ్చి, "నేనెక్కడ వదిలేశానే, నువ్వు కాదూ గాజుల కొట్లో దూరింది" అన్నారు. ఇక ఆ తర్వాత మేము కుర్చీలు వేసుకుని కూర్చుని చూశాం. వీధిలో పోతున్న వార్డు కార్యదర్శి కూడా ఆగి విన్నాడు. వాళ్లు అడక్కుండానే, వాళ్ల గుమ్మానికి 'ఆదర్శ శీతల గృహం' అని నీలం స్టిక్కరు అతికించి, దండం పెట్టి మరీ వెళ్లాడు.

మా పోట్లాట రేపు పదింటికని ఈ మధ్యాహ్నం కబురొచ్చింది. సమావేశ మందిరంలోనే. విఫలమైన దంపతుల్లో వధువును అటునుంచి అటే ఎక్కించడానికి శీతల రథాన్ని గుమ్మం ముందే ఇంజను ఆపకుండా నిలబెడతారట. బ్యాగు సర్దుకుని రమ్మన్నారు. 'వేణి ప్రభావం' అసలు వేణితోనే నిరూపణ అయితే పథకం దేశమంతటికీ విస్తరిస్తుందని విక్రాంత్ గారు రాజధాని నుంచి కెమెరాల వాళ్లను కూడా వెంటబెట్టుకుని వస్తున్నారు.

సాయంత్రం పిట్టగోడ దగ్గర కూర్చున్నాం. మా ఆయన మొహం చిన్నబోయి ఉంది. ఇదంతా తన పెన్సిలు వల్లే వచ్చిందని ఆయనకు తెలుసు. నాకు హఠాత్తుగా మెరుపులా తోచింది. అసలైన పాత సంగతి మా దగ్గరే ఉంది. మాణిక్యాంబ గారిది అరువు తెచ్చుకోనక్కర్లేదు. కోపం కూడా నిజంగానే వస్తోంది. పోట్లాటకు తగినంత వస్తోంది. అది చల్లారిపోక ముందే మొదలుపెడదామని ఆయన వైపు తిరిగాను.

"అసలు మీరు ఆ గ్రాఫు మీద నా పేరెందుకు రాశారు? ఎవరు రాయమన్నారు?"

ఆయన పిట్టగోడ మీద వేలితో కిందికొక గీత గీశారు.

"ఆ వారంలో ఆ గీత ఎందుకలా పడిపోయిందా అని ఆలోచించాను వేణీ. నాకింకో కారణం తోచలేదు" అన్నారు.

ఇలాంటి మనిషితో రేపు పదింటికి మైకు పెట్టి ఎలా పోట్లాడాలో ఏ సమాఖ్యా చెప్పలేదు. నాలో పుట్టిన కోపం ఎక్కడికీ పోలేదు గానీ, ఆయన వైపు నుంచి మాత్రం తిరిగింది. పెన్సిలుతో రాసుకున్నది ఒక కుర్రాడి బెంగ. దాన్ని తెర మీద చూసి, బల్లలు గుద్ది, బస్సు కొన్నది వేరేవాళ్లు. ఆయన వానలు అన్నప్పుడు కళ్లద్దాలు తుడుచుకున్నది వేరేవాళ్లు.

లోపలికి వెళ్లి సవరణ ఉత్తర్వు తెచ్చి మళ్లీ చదివాను. పోట్లాట బహిరంగంగా జరగాలని ఉంది. స్వచ్ఛంగా ఉండాలని ఉంది. ఎవరూ అడ్డుపడకూడదని, మైకు ఆపకూడదని, లేచి వెళ్లకూడదని ఉంది. ఎవరితో పోట్లాడాలో మాత్రం ఎక్కడా లేదు. మొగుడితోనే అయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు, అంతే.

ఆయనకు చూపించాను. ఒకటికి రెండుసార్లు చదివి, నా మొహంలోకి చూశారు. సాయం కోసం మాణిక్యాంబ గారిని పిలిచాం. ఆవిడ ఉత్తర్వు చదవకుండానే ఒప్పుకున్నారు. రేపు ఆవిడ నా వెనకే కూర్చుని, నేనెక్కడైనా తడబడితే అందించడానికి ముప్పై ఏళ్ల సరుకుతో వస్తున్నారు. సూర్యారావు గారు ఆవిడకు మంచినీళ్ల సీసా పట్టుకొస్తానన్నారు. బస్టాండులో వదిలేయనని కూడా అన్నారు.

బ్యాగు సర్దలేదు. ఆకుపచ్చ జరీ చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశాను. రేపు పదింటికి నేను మైకు పట్టుకుంటాను. ముందు కమిషనర్ గారితో మొదలుపెడతాను, వానల దగ్గర్నుంచి. తర్వాత నన్ను దిగుమతి అన్న బుల్లెబ్బాయి గారు. జనరేటరు, బస్సు, పదిహేను దేశాల నివేదికలు వరసగా వస్తాయి. మధ్యాహ్నమవుతుందో, సాయంత్రమవుతుందో తెలియదు. డిగ్రీలో నేర్చుకున్నదంతా చెప్పాలి గదా.

మా ఆయనకు అప్పగించిన పని ఒక్కటే. అంతసేపూ నా పక్కన నిలబడి, నవ్వకుండా ఉండడం.